నీళ్లే కారణమని తేల్చేముందు

చిరంజీవి చిట్టికి,

నీ ఉత్తరం, దాంతోపాటు పంపిన పరిశోధన ప్రతిపాదన అందాయి. పీహెచ్‌డీకి ఉద్దానం కిడ్నీ జబ్బును ఎంచుకున్నావని తెలిసి చాలా సంతోషించాను. మీ అమ్మ మాత్రం అంత దూరం, ఆ ఎండల్లో ఊళ్లు తిరగడమేమిటని దిగులుపడుతోంది. నేను సర్దిచెబుతాలే.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో షుగరు, బీపీ లేనివాళ్లకు కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. పెద్దవాళ్లలో ఐదో వంతుకు దగ్గరగా జబ్బు ఉందని సర్వేలు చెబుతున్నాయి. డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి, పలాసలో ఆసుపత్రి వచ్చింది. కారణం మాత్రం ఇంకా తేలలేదు. నీళ్లలో సిలికా అన్నారు, భారలోహాలన్నారు, తోటల్లో కొట్టే పురుగుమందులన్నారు. ఎండలో చాకిరీ, నొప్పి బిళ్లలు, వంశపారంపర్యం కూడా అనుమానాల జాబితాలో ఉన్నాయి. శ్రీలంకలో వరి రైతులకూ, ఎల్ సాల్వడార్, నికరాగువాల్లో చెరకు కొట్టే కూలీలకూ ఇలాంటి జబ్బే వస్తోంది. అక్కడా ఇంకా వాదాలు నడుస్తూనే ఉన్నాయి.

ఇలాంటి చోటికి వెళుతూ నువ్వు మొదటి పేజీలోనే ‘జబ్బుకు నీళ్లే కారణమని నిరూపించడం’ అని లక్ష్యం రాసుకున్నావు. దాన్ని మార్చమని చెప్పడానికే ఈ ఉత్తరం. ఒకవేళ నీళ్లు కారణం కాకపోతే, ఆ సంగతి నీ అధ్యయనంలో బయటపడే దారి ఉందా? నాకు కనిపించలేదు. జబ్బున్న ఊళ్లకు వెళ్లి నీళ్లు పట్టి, అందులో ఏముందో చూస్తానన్నావు. ఏదో ఒకటి ఉంటుంది, ఎక్కడి నీళ్లలోనైనా ఉంటుంది. జబ్బు లేని ఊళ్ల నీళ్లు కూడా, అదే కాలంలో, అదే ల్యాబులో, ఏది ఏ ఊరిదో ల్యాబువాళ్లకు తెలియకుండా పరీక్షిస్తేనే ఆ అంకెలకు అర్థం వస్తుంది.

ఇంకోటి. నీళ్లలో ఇరవై మూలకాలు కొలుస్తానన్నావు. యాదృచ్ఛికంగా తేడా కనిపించే అవకాశం ఇరవైలో ఒకటి కంటే తక్కువైతే దాన్ని నిజమైన తేడాగా తీసుకోవడం మన లెక్కల్లో ఆనవాయితీ. అంటే దేనితోనూ సంబంధం లేకపోయినా, ఇరవై పరీక్షల్లో కనీసం ఒకటి ‘దొరికింది’ అని చెప్పే అవకాశం నూటికి అరవై నాలుగు. ఆ ఒక్కటే పట్టుకుని పేపరు రాస్తే మర్నాడు పత్రికల్లో పతాక శీర్షిక, ఊళ్లో భయం. అందుకని ఏ రెండు మూడింటి మీద నీకు అసలు అనుమానమో, ఎందుకో, ఎంత తేడా వస్తే లెక్కలోకి తీసుకుంటావో మొదటి సీసా నింపకముందే రాసిపెట్టు. మన దేశంలో 2007 నుంచి క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఉంది. మందుల ప్రయోగాలే కాదు, నీలాంటివాళ్ల పరిశీలన అధ్యయనాలు కూడా అందులో నమోదు చేసుకోవచ్చు. చెయ్యి. తర్వాత మనసు మార్చుకున్నా నీ మొదటి మాట అందరికీ కనిపిస్తూ ఉంటుంది.

ఈ రోజు పట్టిన నీళ్లు పదిహేనేళ్ల కిందట వాళ్లు తాగిన నీళ్లు కావన్నది కూడా ఆలోచించు. ఊళ్లోకి కొత్త పథకాల నీళ్లు వచ్చి ఉంటాయి, మినరల్ వాటర్ క్యాన్లు వచ్చి ఉంటాయి. కిడ్నీ జబ్బని తెలిసిన ఇంట్లో ముందుగా మార్చేది నీళ్లనే. అలాంటప్పుడు మామూలు సర్వే చేస్తే క్యాన్ నీళ్లు తాగేవాళ్లకే జబ్బు ఎక్కువని తేలినా ఆశ్చర్యం లేదు. నొప్పి బిళ్లల సంగతీ అంతే. జబ్బు వల్ల ఒళ్లు నొప్పులొచ్చి బిళ్లలు మింగారా, బిళ్లలు మింగితే జబ్బొచ్చిందా? ‘మీరు నొప్పి మాత్రలు వాడతారా’ అని అడిగితే రోగి ఎప్పటెప్పటివో గుర్తు చేసుకుని చెబుతాడు. ఆరోగ్యంగా ఉన్నవాడు మర్చిపోయి ఉంటాడు. అందుకే ఇద్దర్నీ ఒకేలా అడుగు, ఇంట్లో ఉన్న బిళ్లల షీట్లు చూపించమను, ఆర్‌ఎంపీ దగ్గర సూదులు వేయించుకున్నారా అని విడిగా అడుగు. వీలైతే ఇప్పుడు ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్లవాళ్లను నమోదు చేసుకుని ఏటేటా పరీక్షించే పద్ధతి పెట్టుకో. మీ గైడు కాలం సరిపోదంటారు. పీహెచ్‌డీకి సరిపోకపోవచ్చు, ఆ ఊళ్లకు కావాల్సింది మాత్రం అదే. నువ్వు పునాది వేస్తే తర్వాతివాళ్లు కొనసాగిస్తారు.

కిడ్నీ దెబ్బతింటే రక్తంలో పెరిగే క్రియాటినిన్‌ను ఒక్కసారి కొలిచి రోగి అని రాసేయకు. మూడు నెలలకు పైగా అలాగే ఉంటేనే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అనాలని నిర్వచనం. రోజంతా ఎండలో పనిచేసి ఒంట్లో నీరు తగ్గినవాడికీ, అంతకుముందే మాంసం తిన్నవాడికీ ఆ అంకె పెరుగుతుంది. కండ లేని బక్కపలచని కూలీకి కిడ్నీ దెబ్బతిన్నా అంకె మామూలుగానే కనిపిస్తుంది. పైగా ఆ అంకె నుంచి కిడ్నీ పనితీరు లెక్కగట్టే సూత్రాలు ఎక్కువగా అమెరికాలాంటి దేశాల మనుషుల మీద తయారైనవి. పొద్దున్నే, పనికి వెళ్లకముందే రక్తం తీయించు. మూడు నెలల తర్వాత అదే మనిషిని మళ్లీ పరీక్షించు. మొదట అంకె ఎక్కువ వచ్చినవాళ్లలో కొందరు రెండోసారికి బాగయినట్టు కనిపిస్తారు. అది వైద్యం మహిమ కాదు, మొదటిసారి అంకెల్లో కొంత ఊగిసలాట ఉండడం వల్లే.

నువ్వు పగలు వెళ్లే ఇళ్లలో ఎవరుంటారో కూడా చూడు. ముసలివాళ్లు, ఆడవాళ్లు ఉంటారు. శ్రీకాకుళం జిల్లా నుంచి వలసలు ఎంతగా ఉంటాయో నీకు చెప్పనక్కర్లేదు. ఒళ్లు బాగున్నవాళ్లు దూరాలకు పోతే, జబ్బుపడ్డవాళ్లు తిరిగొచ్చి ఊళ్లో ఉంటే నీ శాతం పెరిగిపోతుంది. చనిపోయినవాళ్లు ఏ సర్వేకీ దొరకరు. సాయంత్రాలు, ఆదివారాలు వెళ్లు. తాళం వేసిన ఇంటిని వదిలేసి పక్కింటికి వెళ్లకు, మళ్లీ వెళ్లు.

పన్నెండు ఊళ్లలో ఆరువందల మంది నీకు చాలా పెద్ద సంఖ్య అనిపించింది. కానీ ఒక ఊరి వాళ్లంతా ఒకే బావి నీళ్లు తాగుతుంటే, నీళ్ల విషయంలో నీ చేతిలో ఉన్నవి పన్నెండు సాక్ష్యాలే. దీన్ని లెక్కలోకి తీసుకోని పేపర్లు నా ఉద్యోగ జీవితమంతా చూస్తూనే వచ్చాను. నాలాంటి గణాంకాలు తెలిసినవాళ్లను ఇప్పుడే కలుపుకో. అంతా అయ్యాక తెస్తే మేము చేయగలిగేది శవపరీక్షే.

ఇంత కట్టుబాటు ఎందుకని విసుక్కుంటావేమో. తెలివైనవాళ్లు ఎంతో సమంజసంగా ఊహించినవి కూడా తప్పాయి కాబట్టి. గుండెపోటు వచ్చి బతికినవాళ్లలో గుండె లయ తప్పి అదనంగా కొట్టుకుంటే చావు ముప్పు ఎక్కువ. ఆ అదనపు కొట్టుకోడాన్ని అణిచే మందులున్నాయి. కాబట్టి మందిస్తే బతుకుతారని డాక్టర్లు నమ్మి రాసేవాళ్లు. అమెరికాలో చిట్టచివరికి మందు, ఉత్తుత్తి మాత్ర చీట్లు వేసినట్టు పంచి చూశారు. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ తీసుకున్న 755 మందిలో 63 మంది పోయారు. ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 743 మందిలో 26 మంది. 1989లో ఆ రెండు మందుల ప్రయోగం ఆపేశారు. తన గదిలో ఒక్కో రోగినే చూసే డాక్టరుకు, ఎంత మంచివాడైనా, ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు.

అదే పద్ధతి మన పక్కనే ఎంత మేలు చేసిందో కూడా తెలుసుకో. 1950ల్లో క్షయ వస్తే శానిటోరియంలో పడుకోవాలి, మంచి తిండి, గాలి, విశ్రాంతి ఉండాలి అనేవాళ్లు. మద్రాసు క్షయ పరిశోధన కేంద్రం 1956లో పేద రోగులను రెండుగా విభజించి, కొందరికి శానిటోరియంలో, కొందరికి ఇరుకు ఇళ్లలోనే అవే మందులు ఇచ్చింది. ఇళ్లలో ఉన్నవాళ్లకు తిండి తక్కువ, పని ఎక్కువ. అయినా దాదాపు సమానంగా కోలుకున్నారు. ఇంట్లో మిగతావాళ్లకు జబ్బు అంటడమూ పెరగలేదు. 1959లో ఆ ఫలితాలు వచ్చాక లోకమంతా క్షయ వైద్యం ఇంటికి వచ్చింది. శానిటోరియమే మేలని తేలేందుకు కూడా వాళ్లు పూర్తి అవకాశం ఇచ్చారు. అందుకే ఆ ఫలితాన్ని నమ్మగలిగాం.

అనుమతి పత్రాల గురించి నువ్వు రెండే వాక్యాలు రాశావు. అవి చాలవు, ఎందుకో చూడు. ఖమ్మం జిల్లాలో 2009లో గర్భాశయ ముఖద్వార క్యాన్సరు టీకా వేలమంది బాలికలకు వేశారు. చాలామందికి తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. తర్వాత కొందరు పిల్లలు చనిపోతే, ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో చెప్పినా ఎవరూ వినే స్థితిలో లేరు. 2010లో కార్యక్రమం ఆగింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం అనుమతులు తీసుకున్న తీరును తీవ్రంగా తప్పుపట్టింది. సంతకం తీసుకోవడం పని పూర్తిచేయడానికి కాదు తల్లీ. చదువు రాని మనిషికి వాళ్ల మాటల్లోనే చెప్పి, కాదనే వీలు నిజంగా ఇవ్వాలి. వద్దన్నవాళ్లతో వాదించకు.

నీళ్లకూ జబ్బుకూ సంబంధం లేదని తేలినా అచ్చువేయించు. దాన్ని తీసుకునే పత్రిక లేదని గైడు అంటే నాకు రాయి. ఉద్దానంలో ఒక తప్పుడు కారణాన్ని జాబితాలోంచి తీసేయడం చిన్న పని కాదు. అది అచ్చులో లేకపోతే ఇంకో అమ్మాయి ఇంకో పదేళ్లకు అదే సీసాలతో అవే ఊళ్లకు వెళుతుంది.

చివరిగా ఒక్క కోరిక. ఆ ఊళ్లవాళ్లు ఇప్పటికే చాలామందికి రక్తం ఇచ్చారు. నీ బడ్జెట్‌లో ఇప్పుడే ఒక పద్దు చేర్చు: రక్తం ఇచ్చిన ప్రతి మనిషికీ ఫలితం తెలుగులో రాసి ఇంటికి అందించడానికి, అంకె బాగోలేనివాళ్లను ఆసుపత్రికి చేర్చడానికి. ప్రతిపాదన మార్చి రాశాక, సంస్థ వాళ్లకు ఇచ్చేముందు నాకు పంపు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ