నలుగురు మోసిన పరుపు

పాఠ్యభాగము: మార్కు 2:1-12
కూడ చదువవలసినవి: 2 సమూయేలు 4:4, 9:1-13, మార్కు 10:46-52, గలతీయులకు 6:2



కపెర్నహూములో జరిగిన ఈ సంగతి మనమందరము ఎరిగినదే. ఆదివారపు బడి పిల్లవాడైనను దీనిని చెప్పగలడు. ఇల్లు జనముతో నిండియుండెను. వాకిటను చోటు లేకపోయెను. పక్షవాయువుగల ఒకనిని నలుగురు మోసికొని వచ్చిరి. ద్వారమున పోలేక, పైకప్పు విప్పి, పరుపుతో అతనిని దింపిరి. ప్రభువు చూచినది వారి విశ్వాసమని మార్కు వ్రాయుచున్నాడు. ఆ నలుగురి పేర్లు ఈ భాగములో లేవు. రోగి నోటనుండి వచ్చిన మాట ఒకటియు లేదు.

ఈ భాగముమీద నేను అనేక పర్యాయములు ప్రసంగించితిని. ప్రతిసారియు అతడు లేచి నడచుటను గూర్చియే చెప్పితిని గాని, మోయుటను గూర్చి చెప్పలేదు. మోయుట అనగా ఏమో నాకు నేర్పినవాడు మా సంఘములోని ఒక యౌవనస్థుడు. అతని అనుమతితోనే ఈ పాఠము వ్రాయుచున్నాను.

1. మేము చేసిన రెండు తప్పులు

కొన్ని ఏండ్లక్రిందట అతడు చింతకాయ దులుపుటకు చెట్టెక్కి, కొమ్మ విరిగి క్రిందపడెను. పరుగెత్తి వచ్చినవారిలో నేనును ఒకడను. “అయ్యగారూ, నా కాళ్లు ఉన్నవా?” అని అతడు నన్ను అడిగెను. మేము నలుగురము అతని చేతులును కాళ్లును పట్టి లేపి, ఆటోలో కూర్చుండబెట్టి పట్టణమునకు తీసికొనిపోతిమి. విరిగిన వెన్నుపూసలు కదలినకొలది లోపలి నరములు మరింత చెడునని వైద్యుడు తరువాత చెప్పెను. చెట్టు వలన ఎంత చెడెనో, మా చేతుల వలన ఎంత చెడెనో ఎవరును చెప్పలేరు. యోనాతాను కుమారుడైన మెఫీబోషెతు అయిదేండ్లవాడైయుండగా, అతనిని ఎత్తికొని త్వరపడి పారిపోవుచున్న దాది చేతిలోనుండి పడి కుంటివాడాయెను. ఆ దాదిది దురుద్దేశము కాదు, త్వరపాటు. ఆమె సంగతి చదివినప్పుడెల్ల మా చేతులు నాకు జ్ఞాపకమునకు వచ్చును.

కావున ఇది ముందుగా నేర్చుకొనుడి. ఎత్తునుండి పడినవానిని, బండి ప్రమాదములో నడుముకు గాని మెడకు గాని దెబ్బ తగిలినవానిని లేపి కూర్చుండబెట్టవద్దు, మెడ త్రిప్పవద్దు. తల కదలకుండ ఒకరు రెండు చేతులతో పట్టుకొనవలెను. మరియొకరు 108 బండిని పిలువవలెను. కదల్పక తప్పని యెడల, తల, మెడ, నడుము ఒకే వరుసలో నుండునట్లు నలుగురైదుగురు కలిసి ఒక దుంగను దొర్లించినట్లు దొర్లించి, బల్లమీదికి గాని తలుపు చెక్కమీదికి గాని చేర్చవలెను.

రెండవ తప్పు ఇంకను పెద్దది. శస్త్రచికిత్స జరిగి, ఇరువది దినములకు అతడు ఇంటికి వచ్చెను. ప్రతి ఆదివారము ఆరాధన తరువాత మేము వెళ్లి, మంచము చుట్టు నిలిచి, పాట పాడి, ప్రార్థనచేసి వచ్చుచుంటిమి. రెండు నెలలు ఈలాగు జరిగెను. అతనిని ప్రక్కకు త్రిప్పి వీపు చూచినవారు మాలో ఒక్కరును లేరు. గదిలో వాసన వచ్చుచుండెను. అతని తల్లి సిగ్గుపడి సాంబ్రాణి వేయుచుండెను. ఒకనాడు నర్సమ్మ వచ్చి, దుప్పటి తీసి అతనిని దొర్లించినప్పుడు, నడుముక్రింద అరచేయి పట్టునంత పుండు కనబడెను. లోపల ఎముక తెల్లగా కనబడెను. స్పర్శ లేదు గనుక అతనికి నొప్పి తెలియలేదు. మేము అడుగలేదు గనుక మాకును తెలియలేదు.

2. వెన్నుపాము అనగానేమి?

వెన్నెముక వేరు, వెన్నుపాము వేరు. వెన్నెముక పూసల వరుస. ఆ పూసల నడుమ నున్న దారిలో మెదడునుండి దిగు నరముల కట్టయే వెన్నుపాము. అది ఇంచుమించు చిటికెన వ్రేలంత లావు, మూరెడు పొడవు. కదలుమని మెదడు చెప్పు మాట దీనిగుండా దిగును. వేడి, నొప్పి, స్పర్శ అను కబురులు దీనిగుండా ఎక్కును. మెడలో దెబ్బతినిన యెడల చేతులును కాళ్లును, వీపులో దెబ్బతినిన యెడల కాళ్లు చచ్చుబడును. మలమూత్రములు పట్టు శక్తియు, దాంపత్య జీవితమును దెబ్బతినును. బయటివారు కాళ్లను మాత్రమే చూతురు, ఇవి కనబడవు.

లోకమందు కోటి ఏబది లక్షలకు పైగా జనులు ఈ స్థితిలో జీవించుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో తెలిపెను. పడుట, రోడ్డు ప్రమాదములు, హింస ముఖ్య కారణములు. ఇది పాపఫలమని మన ఊళ్లలో గుసగుసలాడువారు గలరు. పుట్టు గ్రుడ్డివానిని గూర్చి శిష్యులు ఆలాగే అడిగినప్పుడు ప్రభువు ఆ తలంపును త్రోసివేసెనని యోహాను 9వ అధ్యాయములో చూచుచున్నాము.

3. చంపునది వెన్నుదెబ్బ కాదు

ప్రాచీన ఐగుప్తు వైద్యులు తమ గ్రంథములో మెడ విరిగి కాలుచేతులు చచ్చుబడినవానిని గూర్చి, ఇది చికిత్స చేయదగని వ్యాధియని వ్రాసి విడిచిరి. వేల ఏండ్లు వైద్యలోకము ఆ మాటమీదనే నిలిచెను. మొదటి ప్రపంచ యుద్ధములో ఈలాగు గాయపడిన సైనికులలో అధికులు కొలది కాలములోనే చనిపోయిరి. వారిని చంపినవి పడక పుండ్లును, మూత్రములో పుట్టి మూత్రపిండములకు ప్రాకిన చీమును.

దీనిని మార్చినవారిలో లుడ్విగ్ గుట్‌మన్ ముఖ్యుడు. ఆయన యూదుడు, హిట్లరు పాలననుండి తప్పించుకొని 1939లో ఇంగ్లండు చేరెను. 1944లో స్టోక్ మాండెవిల్ అను చోట వెన్నుపాము గాయముల విభాగమును ఆరంభించెను. ఆయన మందు ఏమి? రెండు గంటలకొకసారి, పగలును రాత్రియు, రోగిని ప్రక్క మార్చుట, మూత్రమును శుభ్రముగా తీయుట, పని నేర్పుట, ఆటలాడించుట. 1948 జూలై 29న, లండనులో ఒలింపిక్ పోటీలు ఆరంభమైన దినముననే, 16 మంది గాయపడినవారిచేత ఆయన విలువిద్య పోటీ జరిపించెను. 1960లో రోము నగరములో జరిగిన పోటీలు మొదటి పారాలింపిక్ క్రీడలుగా ఎంచబడుచున్నవి.

ఈ పనులలో చాల భాగము ఇంటిలోనే చేయదగినవి. వీటిని కంఠస్థము చేయుడి:

పండుకొనియున్నప్పుడు రెండు గంటలకొకసారి ప్రక్క మార్చవలెను. కుర్చీలో కూర్చున్నప్పుడు పావుగంటకో అరగంటకో ఒకసారి పిరుదులపై భారము తీయవలెను. ఉదయము సాయంకాలము పిరుదులు, నడుము, మడమలు చూడవలెను. చర్మము ఎఱ్ఱబడి, లేక నల్లబడి తగ్గనియెడల, తగ్గువరకు ఆ చోట ఒత్తిడి పడనీయకూడదు. వైద్యుడు నేర్పినట్లు, కడిగిన చేతులతో, కాథెటర్ అను సన్నని గొట్టముతో నాలుగు నుండి ఆరు గంటలకొకసారి మూత్రము తీయవలెను. మెడయందు గాని వీపు పైభాగమందు గాని దెబ్బతిన్నవానికి హఠాత్తుగా తలపోటు, ముఖమున చెమట వచ్చిన యెడల అది ప్రమాద సూచన. రక్తపు పోటు పెరుగుచున్నది. వెంటనే కూర్చుండబెట్టి, మూత్రపు గొట్టము మడతపడెనా, మూత్రము నిలిచెనా చూచి, తగ్గనియెడల ఆసుపత్రికి చేర్చవలెను.

అయితే రాత్రి రెండు గంటలకొకసారి లేచు తల్లి ఎన్ని నెలలు లేవగలదు? ఇక్కడనే సంఘము పని ఆరంభమగును. పుండు చూచిన దినమున మేము గుడిలో ఒక పట్టిక వ్రాసితిమి. యౌవనుల కూటమువారు రాత్రులు పంచుకొనిరి. స్త్రీల సమాజమువారు వంటయు దుప్పట్లు ఉతుకుటయు పంచుకొనిరి. పుండు మానుటకు ఎనిమిది నెలలు పట్టెను.

4. రాయవేలూరు వైద్యురాలు

మన చిత్తూరు సరిహద్దునకు దగ్గరనున్న రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు మన తెలుగు జనులు తరతరములుగా పోవుచున్నారు. అక్కడి యువ వైద్యురాలు మేరీ వర్గీసు 1954లో కారు ప్రమాదములో వెన్నుపాము దెబ్బతిని, నడుము క్రింది భాగము చచ్చుబడెను. ఆమె వైద్యవృత్తి ముగిసెనని అనేకులు తలంచి యుందురు. అయితే అదే ఆసుపత్రిలో కుష్ఠరోగుల చేతులను బాగుచేయుచున్న డాక్టరు పాల్ బ్రాండ్ ఆమెను ఆ పనికి పిలిచెను. కూర్చుండియే చేయదగిన శస్త్రచికిత్స అది. ఆమె చక్రాల కుర్చీలోనుండి వంకరపోయిన వ్రేళ్లను సరిచేసెను.

పిమ్మట ఆస్ట్రేలియాలోని పెర్తులోను, అమెరికాలో న్యూయార్కులోను శిక్షణ పొంది తిరిగివచ్చి, వేలూరులో పునరావాస వైద్యవిభాగమును నడిపెను. 1966లో రోగులు నివసించి నేర్చుకొను పునరావాస సంస్థ అక్కడ తెరువబడెను. 1972లో ఆమెకు పద్మశ్రీ వచ్చెను. 1986లో ఆమె కన్నుమూసెను. మంచములో నున్నవానికి ధైర్యము చెప్పుటకు కుర్చీలో వచ్చిన వైద్యురాలికంటె తగినవారెవరు?

మా యౌవనస్థునికి నేను చెప్పిన ఆదరణ మాటలు అతని చెవికెక్కలేదు. ఒకనాడు ప్రక్క మండలమునుండి అదే దెబ్బతిన్న మరియొకడు చక్రాల కుర్చీలో వచ్చి, నన్ను బయటకు పంపి, గంటసేపు మాటలాడెను. ఏమి మాటలాడిరో నేను అడుగలేదు. ఆ సాయంకాలము అతడు అన్నము అడిగి తినెను. కావున కాపరులారా, మన మాట చాలనిచోట అట్టివానిని వెదకి తీసికొనివచ్చుట మన పని.

5. పరిశోధన ఎంతవరకు వచ్చెను?

చేతిలో తెగిన నరము దినమునకు ఇంచుమించు ఒక మిల్లీమీటరు చొప్పున తిరిగి పెరుగగలదు. వెన్నుపాములో తెగినది పెరుగదు. పెరుగు శక్తియే దానికి లేదని పూర్వము తలంచిరి. 1981లో కెనడాలోని ఆల్బర్ట్ ఆగ్వాయో, శామ్యూల్ డేవిడ్ అను శాస్త్రజ్ఞులు ఎలుకలలో కాలి నరపు ముక్కను వంతెనవలె అమర్చగా, వెన్నుపాము నరపు పోగులు దానిలోనికి పెరిగెను. శక్తి కొంత కలదు. చుట్టునున్న మచ్చయు, ఎదుగుదలను ఆపు పదార్థములును అడ్డుచున్నవని దీనివలన తేటపడెను. 2018లో స్విట్జర్లాండులోను అమెరికాలోను, నడుము భాగమున వెన్నుపాముపై విద్యుత్తు ప్రేరణ యిచ్చు సాధనమునుంచి, నెలల తరబడి అభ్యాసము చేయించగా, కొందరు అడుగులు వేసిరి. ఇది సంతోషకరమైన వార్త. అయితే వారు కొద్దిమంది, మరియు ఇది స్వస్థత కాదు.

ఈ ఆశను అమ్ముకొనువారును గలరు. మూలకణముల సూదులతో నడిపింతుమని ఒకచోట చెప్పగా, మా యౌవనస్థుని కుటుంబము అర ఎకరము తాకట్టు పెట్టెను. కాలు కదలలేదు, పొలమును ఇంకను తిరిగి రాలేదు. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన సూచనలలో, ఇట్టివి అనుమతి పొందిన పరీక్షలలో తప్ప చికిత్సగా ఇయ్యరాదనియు, పరీక్షలో చేరినవారియొద్ద రుసుము తీసికొనరాదనియు స్పష్టముగా నున్నది. డబ్బు అడుగుచున్నారా? అయితే ఆగి, ప్రభుత్వ వైద్యునితో మాటలాడుడి.

పరిశోధకులు నేర్చుకొన్న మరియొక సంగతి కలదు. తానును వెన్నుపాము దెబ్బతిన్న కిమ్ ఆండర్సన్ అను అమెరికా శాస్త్రజ్ఞురాలు, మీకు ఏది తిరిగి రావలెనని అట్టివారినే అడిగి, ఫలితములను 2004లో ప్రకటించెను. కాలుచేతులు రెండును చచ్చుబడినవారిలో ఎక్కువమంది ముందుగా కోరినది చేతులు. కాళ్లు మాత్రమే చచ్చుబడినవారు ముందుగా కోరినది దాంపత్య జీవితము. మలమూత్రముల స్వాధీనమును ఇరువురును ముఖ్యమని చెప్పిరి. నడకయే అందరి మొదటి కోరికయని మనము తలంచుదుము. గ్రుడ్డివాడైన బర్తిమయి ఎదుటనున్నప్పుడు సహితము ప్రభువు, నీకేమి కావలెనని అతనిని అడిగెను. మనము అడుగుచున్నామా?

6. మూడు మెట్లు

మా యౌవనస్థుడు కుర్చీలో కూర్చుండగలిగిన పిమ్మట గుడికి వచ్చెను. మా గుడికి మూడు మెట్లు. అతడు కిటికీ ప్రక్కన ఎండలో కూర్చుండి ఆరాధన వినెను. పెద్దల కూటములో, మెట్లు తీసి వాలుదారి కట్టవలెనని నేను చెప్పితిని. ఆ మెట్లమీద కట్టించినవారి పేర్లు చెక్కబడియున్నవి. “మా తాతగారి పేరు పగులగొట్టుదురా? నలుగురము ఎత్తి లోపల పెట్టుదుము గదా” అని ఒకరనిరి. అతనిని అడిగితిమి. “ప్రతి ఆదివారము సామానువలె ఎత్తించుకొనుట నాకిష్టము లేదు” అని అతడు చెప్పెను. అప్పుడు ఒక వృద్ధ విధవరాలు, “అయ్యా, కపెర్నహూములో విప్పిన కప్పు కూడ ఎవరో కట్టించుకొన్నదే గదా” అనెను. ఎవరును మారు పలుకలేదు.

అడుగు ఎత్తునకు పండ్రెండు అడుగుల పొడవు వాలు ఉండవలెను. మా మెట్ల ఎత్తు అడుగున్నర గనుక పదునెనిమిది అడుగుల వాలు కట్టితిమి. పేర్లున్న రాళ్లను గోడలో నిలిపితిమి. ఇప్పుడు ముసలివారును, బిడ్డనెత్తుకొన్న తల్లులును ఆ దారినే వచ్చుచున్నారు. అతడు ఊరి పాల కేంద్రములో లెక్కలు వ్రాయుచున్నాడు. దావీదు మెఫీబోషెతును నిత్యము తన బల్లయొద్ద కూర్చుండబెట్టెను. బల్ల చేరుటకు దారియు ఉండవలెను గదా.

మార్కు సువార్తలోని మనుష్యుడు లేచి, పరుపెత్తికొని నడచిపోయెను. మావాడు లేవలేదు. దీనినిగూర్చి నాకు ప్రశ్నలు గలవు. వాటిని ప్రభువు సన్నిధినే పెట్టుచున్నాను. అయితే ఆ మనుష్యుడు ఇంకను పరుపుమీద నుండగానే ప్రభువు ఆ నలుగురి విశ్వాసమును చూచెను. మాకు ఈయబడిన పని ఆ భాగములోనిదే.

ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. మన ఊరిలో మంచము పట్టియున్నవారు ఎవరెవరు? వారి వీపు చూచినవారు ఎవరు?
2. వారిని చూచుకొను తల్లికి, భార్యకు ఒక రాత్రి నిద్ర దొరుకునట్లు మనము ఏమి చేయగలము?
3. వైకల్య ధ్రువపత్రము, పింఛను కొరకు వారితోకూడ వెళ్లగలవారు మన సంఘములో ఎవరు?
4. మన గుడికి ఎన్ని మెట్లు? అవి ఎవరిని బయట నిలుపుచున్నవి?