ప్రతి ఇంటికీ ఒక ఆపద పెట్టె

– పూర్వ విద్యార్థిని, ఎం.ఎ. (భూగోళశాస్త్రం)



"ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్లు" అన్న సామెత మనమందరం విన్నదే. దాని అర్థం నాకు తరగతి గదిలో కాక, 2014 అక్టోబరులో మా ఇంట్లో తెలిసింది. నేను ఈ హాస్టల్‌లో ఆరో తరగతిలో చేరి పదో తరగతి వరకు చదివాను. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటిదాన్ని నేనే. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ మేడమ్ గారు అడిగినప్పుడు, చదువు వల్ల మా ఇంటికి నేరుగా పనికొచ్చిన విషయం ఒకటి మీతో చెప్పాలనిపించింది.

మా ఇంట్లో జరిగింది

2014 అక్టోబరు 12, ఆదివారం నాడు హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. గాలి వేగం గంటకు సుమారు 180 కిలోమీటర్లు. నేనప్పుడు ఏడో తరగతి. తుపాను వస్తోందని మమ్మల్ని ముందే ఇళ్ళకు పంపించారు. మాది విశాఖకు దగ్గరలోని ఒక పల్లె. అమ్మానాన్నలు కూలికి వెళ్తారు. ఏ రోజు కూలి డబ్బులు ఆ సాయంత్రమే బియ్యం, నూనె, ఉప్పు, పప్పు అయ్యేవి.

తుపాను వేళ ఊరి బడిలో తలదాచుకున్నాం కాబట్టి ప్రాణాలు దక్కాయి. మర్నాడు ఇంటికొచ్చి చూస్తే పైకప్పు రేకులు లేవు. పొయ్యిలోకి ఎండు పుల్ల లేదు. చేతిపంపు చుట్టూ బురద నీరు. రోడ్డు మీద చెట్లు పడిపోయి దుకాణానికి సరుకు రాలేదు. ఉన్న కొవ్వొత్తుల ధర ఒక్క రోజులో నాలుగింతలైంది. పనులు లేవు కనుక కొనడానికి చేతిలో డబ్బూ లేదు. కరెంటు పది రోజులు దాటినా రాలేదు.

మూడో రోజు మా తమ్ముడికి విరేచనాలు పట్టుకున్నాయి. వాడికి అప్పుడు ఐదేళ్ళు. సాయంత్రానికి కళ్ళు లోపలికి పోయాయి. ఏడుస్తున్నా కన్నీళ్ళు రావడం లేదు. "కడుపు జారుతుంటే నీళ్ళు పోయకూడదు" అంది నాయనమ్మ. ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు తాగించాలని మా సైన్సు టీచరు చెప్పిన మాట నాకు గుర్తుంది. కానీ ఇంట్లో పంచదార లేదు. నీళ్ళు కాచడానికి కట్టెలు లేవు. నాన్న నాలుగిళ్ళు తిరిగి పంచదార అడిగి తెచ్చారు. అమ్మ మంచం కోడు చీల్చి నీళ్ళు కాచింది. రాత్రంతా చెంచాతో కొద్దికొద్దిగా పట్టాం. తెల్లవారుజామున వాడు మూత్రం పోశాడు. అప్పటిదాకా బిగబట్టుకున్న అమ్మ అప్పుడు ఏడ్చింది.

వాడిప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. ఒక ఓ.ఆర్.ఎస్. పొట్లం, ఒక బిందెడు మంచినీళ్ళు ముందే దాచుకుని ఉంటే ఆ రాత్రి అంత భయపడవలసిన అవసరం ఉండేది కాదు.

హెచ్చరిక ప్రభుత్వానిది, ఆ తర్వాతి రోజులు మనవి

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు సుమారు 10,000 మంది చనిపోయారు. చాలామందికి హెచ్చరిక సకాలంలో అందలేదు. హుద్‌హుద్ నాటికి పరిస్థితి మారింది. ఉపగ్రహాలు, రాడార్ల సాయంతో వాతావరణ శాఖ రోజుల ముందే చెప్పగలిగింది. ఆంధ్ర, ఒడిశా తీరాల్లో లక్షలమందిని ముందుగా తరలించారు. ప్రాణనష్టం చాలా తగ్గింది. ఇది మనం గర్వించదగ్గ మార్పు.

అయితే గాలి ఆగిన తర్వాత కరెంటు, నీరు, రోడ్డు, దుకాణం, కూలి అన్నీ ఒకేసారి ఆగిపోతాయి. సహాయక సిబ్బంది ప్రతి గడపకూ చేరడానికి సమయం పడుతుంది. అందుకే మొదటి 72 గంటలు, అంటే మూడు రోజులు, ప్రతి కుటుంబం తన కాళ్ళ మీద తాను నిలబడగలగాలని విపత్తు నిర్వహణ పాఠాల్లో చెబుతారు.

"మాది సముద్ర తీరం కాదు కదా" అని మీలో కొందరు అనుకోవచ్చు. కరువు సీమ అని పేరున్న చోట 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నదులు పొంగి కర్నూలు పట్టణం మునిగింది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వరద విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతాన్ని ముంచింది. ఎన్నో కుటుంబాలు రోజుల తరబడి మేడలపై చిక్కుకుపోయాయి. పడవలు, హెలికాప్టర్లు, డ్రోన్లతో ఆహారం, నీళ్ళు అందించవలసి వచ్చింది. అంత పెద్ద నగరంలోనే అలా జరిగితే మన పల్లెల సంగతి ఆలోచించండి.

"రోజు గడవడమే కష్టం, నిల్వ ఎక్కడిది?"

ఈ మాట మా అమ్మే నన్ను అడిగింది. న్యాయమైన ప్రశ్నే. కానీ బాగా ఉన్నవాళ్ళ ఇంట్లో నెల సరుకులు ఎలాగూ ఉంటాయి. ఏ పూటకాపూట కొనుక్కునే ఇంట్లోనే దుకాణం మూసిన నాటి సాయంత్రం పొయ్యి ఆరిపోతుంది. ధర పెరిగినప్పుడు కొనవలసి వచ్చేదీ మనమే. అప్పు చేసేదీ మనమే. కనుక ఇది డబ్బున్నవాళ్ళ వ్యవహారం కాదు, మనకే ఎక్కువ అవసరం.

దీనికి ఒకేసారి డబ్బు పెట్టనక్కర్లేదు. మన నాయనమ్మలు ముసురు పట్టక ముందే ఎండు కట్టెలు, ఎండు చేపలు, చింతపండు దాచుకునేవారు. రోజూ వండేముందు పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసేవారు. పిడికెడు అంటే 50 గ్రాములనుకుంటే 120 రోజులకు 6 కిలోలవుతాయి. ఐదుగురున్న ఇంటికి మూడు రోజుల తిండి అది. జూన్‌లో మొదలుపెడితే అక్టోబరు తుపానుల వేళకు కుండ నిండుతుంది. మిగతా సామాను వారానికొకటి చొప్పున కొనుక్కోవచ్చు.

పెట్టెలో ఏముండాలి?

1. నీరు: తాగడానికి, వంటకు మనిషికి రోజుకు సుమారు 4 లీటర్లు. ఐదుగురికి మూడు రోజులకు 60 లీటర్లు, అంటే 20 లీటర్ల డబ్బాలు మూడు. హెచ్చరిక వినగానే మూతలున్న పాత్రల్లో నింపుకోవాలి. దీనికి ఖర్చేమీ లేదు. అనుమానంగా ఉన్న నీటిని కళపెళ మరిగాక కనీసం ఒక నిమిషం ఉంచి, చల్లార్చి తాగాలి. క్లోరిన్ బిళ్ళలుంటే వాటి అట్టమీద రాసిన కొలత ప్రకారమే వాడాలి.

2. తిండి: పొయ్యి వెలగకపోయినా తినగలిగేవి. అటుకులు, బెల్లం, వేయించిన శనగలు, బిస్కెట్లు. పసిపిల్లలుంటే వాళ్ళ ఆహారం.

3. మందులు: ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, జ్వరం మాత్రలు, దూది, కట్టు గుడ్డ. బి.పి., షుగరు ఉన్న పెద్దవాళ్ళకు కనీసం వారానికి సరిపడా మాత్రలు. ఓ.ఆర్.ఎస్. లేకపోతే లీటరు మంచినీటిలో 6 టీ స్పూన్ల పంచదార, అర టీ స్పూను ఉప్పు (తలకొట్టిన కొలత) కలపాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. మలంలో రక్తం పడినా, పిల్లలు మత్తుగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

4. వెలుగు: టార్చిలైటు, విడిగా దాచిన బ్యాటరీలు, కొవ్వొత్తులు, ప్లాస్టిక్ కవరులో చుట్టిన అగ్గిపెట్టె. వరద తర్వాత పాములు ఇళ్ళలోకి చేరతాయి. చీకట్లో టార్చి ప్రాణం కాపాడుతుంది.

5. ఆడపిల్లల అవసరాలు: శానిటరీ ప్యాడ్లు, ఒక జత పొడి బట్టలు, సబ్బు. అడగడానికి సిగ్గుపడి ఎవరూ జాబితాలో రాయరు. మనమే రాయాలి.

6. కాగితాలు: రేషన్ కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం, పొలం పాసు పుస్తకం, పదో తరగతి మార్కుల జాబితా, కుల ధ్రువపత్రం. ఇవన్నీ నీరు చొరని కవరులో పెట్టాలి. తుపానులో మా రేషన్ కార్డు ముద్దయిపోయింది. సాయం బియ్యం వచ్చినప్పుడు కార్డు అడిగితే అమ్మ ఆ ముద్దనే చూపించింది. మన సర్టిఫికెట్లే మన ఆస్తి. వీలైనవి డిజిలాకర్‌లో కూడా ఉంచుకోండి.

7. ఫోను నంబర్లు: ఛార్జింగ్ అయిపోతే ఫోనులోని నంబర్లు కనబడవు. బంధువుల నంబర్లతో పాటు 112, 108, జిల్లా కంట్రోల్ రూము 1077 కాగితం మీద రాసుకోవాలి. కొద్దిగా చిల్లర డబ్బు కూడా దాచాలి.

మరువకూడని రెండు మాటలు

మొదటిది. ఊరు ఖాళీ చేయమన్నప్పుడు పెట్టె కోసం ఇంట్లో ఆగకూడదు. ఉప్పెన ముందు ఏ పెట్టే నిలవదు. అందుకే కాగితాలు, మందులు, టార్చి, అటుకులు ఒక చేతిసంచిలో వేరుగా ఉంచాలి. అది తీసుకుని బయలుదేరాలి. మిగతావి ఇంట్లోనే ఉండనివ్వాలి.

రెండోది. దాచుకోవడం వేరు, పోగుచేసుకోవడం వేరు. ఆపద వచ్చాక దుకాణం మీదపడి మూటలు కట్టుకుంటే పొరుగువాడి పళ్ళెం ఖాళీ అవుతుంది. ముందే కాస్త ఉంచుకున్నవాళ్ళు ఆ రోజు వరుసలో నిలబడక్కర్లేదు, పైగా పక్కింటికి గుప్పెడు పెట్టగలరు. మాకు పంచదార ఇచ్చిన ఇల్లు అలాంటిదే. పెట్టెలోని సరుకులు నెలకోసారి చూసి, పాతవి వాడుకుని కొత్తవి పెట్టాలి.

చెల్లెళ్ళారా! ఆరో తరగతిలో చేరేటప్పుడు నాన్న నాకొక రేకు ట్రంకు పెట్టె కొనిచ్చారు. ఈ హాస్టల్‌లో ఐదేళ్ళు నా బట్టలు, పుస్తకాలు అందులోనే ఉండేవి. ఇప్పుడది మా ఇంట్లో అటక మీద ఉంది. అందులో అటుకుల డబ్బా, టార్చి, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు ఉన్నాయి. అమ్మకు చదవడం రాదు, కానీ ప్రతి నెలా ఒకటో తారీకున ఆ పెట్టె దించి చూస్తుంది. మీ మంచాల కింద కూడా అలాంటి పెట్టెలే ఉన్నాయి. ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు పైన రాసిన జాబితా నోటు పుస్తకంలో ఎక్కించుకుని అమ్మకు చదివి వినిపించండి. మొదటి పిడికెడు బియ్యం మీ చేత్తోనే తీసి పక్కన పెట్టండి.