పాల కేంద్రంలో బీడీ పొగ: ఊపిరితిత్తులకు జరిగే నష్టం



నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల సంఘాల తనిఖీకి మేము తెల్లవారకముందే బయలుదేరుతాము. క్యాన్లు వరుసలో పెట్టి, శాంపిలు తీసేలోపల నలుగురు బీడీ ముట్టిస్తారు. చంటిపిల్లతో పాలు తెచ్చిన తల్లి ఆ పొగలోనే దగ్గుతూ నిలబడుతుంది. మేమూ ఇరవై ఏండ్లు బీడీ త్రాగినవారమే. యాదగిరిగుట్ట మెట్లు సగం ఎక్కి, ఆయాసంతో కూలబడిన నాడు మానివేసినాము.

ఊపిరితిత్తులు ఎట్లా చెడుతాయి?

గాలి గొట్టాల లోపల కంటికి కనబడని సన్నని నూగు ఉంటుంది. కొట్టం ఊడ్చే చీపురు వలె అది దుమ్మును, కళ్ళెను పైకి నెట్టివేస్తుంది. పొగ ఈ నూగును మొద్దుబరచి, చంపివేస్తుంది. కళ్ళె లోపలనే నిలిచిపోతుంది. పొద్దున్నే వచ్చే దగ్గు అదే. కొన్నేండ్లకు గాలి తిత్తుల గోడలు తెగిపోతాయి. తెగినవి మళ్ళీ అతకవు. పొగలోని కార్బన్ మోనాక్సైడు రక్తంలో ప్రాణవాయువు చోటును ఆక్రమిస్తుంది. సిగరెట్టు పొగలో 7,000కు పైగా రసాయనాలు గలవు. వాటిలో సుమారు 70 కాన్సరు కలిగించేవి.

బీడీ చిన్నది కదా?

తునికాకులో గాలి దూరదు. ఆరిపోకుండ మాటిమాటికి గట్టిగా పీల్చవలెను. అందుచేత పొగాకు తక్కువైనా లోపలికి పోయే విషం సిగరెట్టుకు తీసిపోదు.

వేడి చేసే పొగాకు

పట్నం పోయిన పిల్లల చేతిలో ఇప్పుడు బ్యాటరీ పరికరం కనబడుతున్నది. "ఇది కాల్చదు, వేడి మాత్రమే చేస్తుంది" అంటారు. సిగరెట్టు కొన, పీల్చినప్పుడు, సుమారు 900 డిగ్రీలకు కాలుతుంది. ఇది 350 డిగ్రీల దాకా వేడి చేస్తుంది. కొన్ని విషాలు తగ్గుట నిజమే. కాని నికోటిను, ఫార్మాల్డిహైడు అందులోనూ ఉంటాయి. నీళ్ళు కొంచెమే కలిపినామంటే అవి చిక్కటి పాలవుతాయా? 2019 చట్టం ప్రకారం మన దేశంలో వీటి అమ్మకం, దిగుమతి, నిల్వ నేరం.

మానితే లాభమున్నదా?

ఉన్నది. 12 గంటలలో రక్తంలోని కార్బన్ మోనాక్సైడు మామూలు స్థాయికి దిగుతుంది. కొన్ని నెలలలో దగ్గు, ఆయాసం తగ్గుతాయి. పదేండ్లకు ఊపిరితిత్తుల కాన్సరు భయం, త్రాగేవారితో పోల్చితే, దాదాపు సగమవుతుంది. సలహాకు 1800-11-2356కు ఉచితంగా ఫోను చేయవచ్చును.

కార్యాలయాలలో, పనిచేసే చోట్ల పొగ త్రాగరాదను నిబంధన 2008 అక్టోబరు 2 నుంచి అమలులో ఉన్నది. తూకం వద్ద, శాంపిలు గదిలో ఎవరూ బీడీ ముట్టించరాదని వచ్చే సమావేశంలో తీర్మానించి, మినిట్సు పుస్తకంలో వ్రాయించండి. తనిఖీకి వచ్చినప్పుడు మేము ముందుగా ఆ పేజీనే తెరుస్తాము.