నల్ల తీగ సంగతి

సాయంత్రం ఏడు గంటలయింది. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. ఉన్నట్టుండి వంటింట్లో బల్బు ఆరిపోయింది.

"కరెంటు పోయిందే అమ్మాయ్" అంది అత్త.

కోడలు వాకిట్లోకి వచ్చి చూసింది. "లేదత్తయ్యా. ఎదురింట్లో లైట్లు ఉన్నాయి. మన బల్బే పోయినట్టుంది."

ముందు గదిలో ఫ్యాను కూడా ఆగింది. ఆ సంగతి ఇద్దరికీ తట్టలేదు.

కోడలు జాగ్రత్త గల మనిషే. ముందు స్విచ్చి ఆపింది. తర్వాతే స్టూలు ఎక్కింది. పాత బల్బు తీసింది. చీకట్లో కొత్త బల్బు పెట్టబోయింది. హోల్డరు లోపలి పిన్నుకు వేలు తగిలింది. కెవ్వున అరిచి కింద పడింది. మోచెయ్యి దోక్కుపోయింది. ప్రాణం మాత్రం దక్కింది.

స్విచ్చి ఆపినా షాకు ఎలా కొట్టింది?

మర్నాడు పొద్దున్నే కరెంటు పని చేసే కుర్రాడు వచ్చాడు. హోల్డరులో టెస్టరు పెట్టాడు. స్విచ్చి ఆపే ఉంది. అయినా టెస్టరు వెలిగింది. వెళ్లి మీటరు పక్కనున్న పాత బోర్డు చూశాడు. అందులో రెండు ఫ్యూజులు ఉన్నాయి. ఒకటి ఎర్ర తీగకు, ఒకటి నల్ల తీగకు. నల్ల తీగ ఫ్యూజు కాలిపోయి ఉంది.

"పిన్నిగారూ, ఈ రెండో ఫ్యూజు ఉండకూడదండీ. తప్పంతా ఇక్కడే ఉంది" అన్నాడు.

"రెండుంటే రెట్టింపు భద్రం కదా నాయనా?" అంది అత్త.

చాలామంది అలాగే అనుకుంటారు. కాని కవ్వం తాడును తలుచుకోండి. తాడుకు రెండు కొసలు. రెండూ చేతిలో ఉంటేనే కవ్వం తిరుగుతుంది. కరెంటుకు కూడా రెండు తీగలు కావాలి. ఒకటి ఫేజు. కరెంటు దీని మీదే వస్తుంది. పాత ఇళ్లలో ఇది ఎక్కువగా ఎర్ర తీగ. రెండోది న్యూట్రల్. కరెంటు తిరిగి వెళ్లే దారి ఇది. దీనికి నల్ల తీగ వాడతారు.

ఎర్ర తీగ ఫ్యూజు పోతే ఇంట్లోకి కరెంటు రాదు. నల్ల తీగ ఫ్యూజు పోతే? బల్బు వెలగదు, ఫ్యాను తిరగదు. కాని ఎర్ర తీగలో కరెంటు అలాగే ఉంటుంది. ఆ రాత్రి ఫ్యాను స్విచ్చి వేసే ఉంది. ఫ్యాను లోంచి కరెంటు నల్ల తీగలోకి వచ్చింది. ముందుకు పోవడానికి దారి లేదు. ఇంట్లో నల్ల తీగ ఉన్నచోటల్లా షాకు కాచుకుని ఉంది. వంటింటి హోల్డరులోకీ ఆ నల్ల తీగే వెళ్లింది.

అందుకే న్యూట్రల్‌కు విడిగా ఫ్యూజు గాని, స్విచ్చి గాని పెట్టకూడదు. ఈ మాట 1956 నాటి భారత విద్యుత్తు నియమాల్లోనే ఉంది. ఆపితే రెండు తీగలూ ఒకేసారి ఆగాలి. మెయిన్ స్విచ్చి చేసే పని అదే. బల్బు మార్చేటప్పుడు కింది స్విచ్చి ఒక్కటే చాలదు. మెయిన్ ఆపాలి. చేతులు పొడిగా ఉండాలి.

కుర్రాడు పాత బోర్డు తీసి ఎమ్‌సిబిల పెట్టె పెట్టాడు. ఎర్ర తీగలు ఎమ్‌సిబిలకు పోయాయి. నల్ల తీగలన్నీ ఒక ఇత్తడి పట్టీకి వచ్చాయి. దాన్ని న్యూట్రల్ లింకు అంటారు. ఒక్కో స్క్రూ కింద ఒక్కో తీగ బిగించాడు. రెండు మూడు తీగలు కలిపి ఒకే స్క్రూ కింద దూరిస్తే ఏదో ఒకటి వదులవుతుంది. వదులైన చోట వేడి పుడుతుంది. పెట్టె కరుగుతుంది. పని తొందరగా అయిపోవాలని కొందరు అలా చేస్తారు. ఇంటివాళ్లు పక్కన నిలబడి అడిగితే చేయరు.

పచ్చ తీగ ఎర్తు. షాకు నుంచి కాపాడడానికే అది ఉంది. కొన్ని ఊళ్లలో న్యూట్రల్ సరిగా రాకపోతే, నేలలో ఇనప కడ్డీ దింపి దాన్నే న్యూట్రల్‌గా వాడుకుంటారు. బల్బు వెలుగుతుంది, నిజమే. కాని కరెంటు ఆ కడ్డీ గుండా నేలలోకి పోతుంది. కడ్డీని ముట్టుకున్నా, దాని పక్క తడి నేల మీద నడిచినా మనిషికైనా గేదెకైనా ప్రమాదమే.

"మరి స్తంభం దగ్గరే న్యూట్రల్ తెగితే?" అంది కోడలు.

మంచి ప్రశ్న. వీధిలోకి మూడు ఫేజులు వస్తాయి. ఒక్కో ఇంటికి ఒక్కో ఫేజు ఇస్తారు. న్యూట్రల్ మాత్రం అందరికీ ఒకటే. అది తెగితే ఇళ్లకు 230 వోల్టులు సమంగా అందవు. కొన్ని ఇళ్లలో బల్బులు మినుకు మినుకుమంటాయి. కొన్ని ఇళ్లలో దాదాపు 400 వోల్టుల దాకా పోవచ్చు. బల్బులు ధగధగా వెలిగి పగులుతాయి. టీవీలు, ఫ్రిజ్జులు కాలిపోతాయి. వెలుతురు అలా మారగానే మెయిన్ ఆపాలి. లైన్‌మన్‌కు చెప్పాలి. స్తంభం ఎవరూ ఎక్కకూడదు.

కుర్రాడు పెట్టె మూత బిగించి వెళ్లాడు. కోడలు సుద్దముక్క తీసుకుంది. కొత్త పెట్టె కింద గోడ మీద "మెయిన్" అని రాసింది. దాని పక్కన లైన్‌మన్ ఫోను నెంబరు రాసింది. అత్త ఒక్కో అంకె కూడబలుక్కుని చదివింది.