ఆంగ్ల వ్యాకరణంలో మన పొరపాట్లు – వాటి మూలాలు

తరగతిలో ఒక విద్యార్థి లేచి “ఐ యామ్ స్టడీయింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్” అన్నాడు. తోటివారు నవ్వారు. ఆ సంవత్సరమంతా అతడు మరల నోరు విప్పలేదు. నవ్వినవారిలో ఆ వాక్యాన్ని సరిదిద్దగలవారెందరో సందేహమే! ఆ దోషం అజ్ఞానం వలన కలిగినది కాదు. మాతృభాషా నియమాన్ని పరభాషకు అన్వయించుట వలన కలిగినది.

తెలుగులో “రెండేళ్ల నుండి చదువుతున్నాను” అంటాము. ఉర్దూలో “దో సాల్ సే పఢ్ రహా హూఁ” అంటారు. రెండు భాషలలోను క్రియ వర్తమానంలోనే ఉన్నది. ఆంగ్లమో, గతంలో మొదలై నేటికీ సాగుతున్న పనికి “హావ్ బీన్ స్టడీయింగ్” అనే ప్రత్యేక రూపాన్ని వాడుతుంది. అంతేకాదు, “సోమవారం నుండి”, “రెండేళ్ల నుండి” అనుచోట్ల మనకు “నుండి” ఒక్కటే చాలును, ఉర్దూకు “సే” చాలును. ఆంగ్లంలో ఆరంభ సమయాన్ని చెప్పునపుడు “సిన్స్ మండే” అనియు, గడచిన కాలపరిమితిని చెప్పునపుడు “ఫర్ టూ ఇయర్స్” అనియు వాడవలెను. కావున “ఐ హావ్ బీన్ స్టడీయింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్” అన్నదే సాధువు.

అట్లే “ఇప్పుడే చూశాను”, “నిన్న చూశాను” అనుటకు తెలుగులో క్రియారూపం ఒక్కటే. ఆంగ్లంలో “నిన్న” వంటి గడచిన సమయాన్ని పేర్కొన్నపుడు “హావ్ సీన్” అనరాదు. “ఐ సా హిమ్ యెస్టర్‌డే” అనవలెను.

ఇక “ఎ”, “ఆన్”, “ది” అనేవి. వీటికి సరిసమానమైనవి మన రెండు భాషలలోను లేవు. ఒక వస్తువును తొలిసారి పేర్కొన్నపుడు “ఐ బాట్ ఎ బుక్”. అదే వస్తువును మరల ప్రస్తావించినపుడు “ది బుక్ ఈజ్ గుడ్”. “ఎ”, “ఆన్”ల నిర్ణయానికి ఆంగ్ల అక్షరం కాదు, ఉచ్చారణయే ప్రమాణం. ఇక్కడ మన లిపియే మనకు తోడ్పడుతుంది. “అవర్” అని తెలుగులో వ్రాయండి: మొదట అచ్చు, కనుక “ఆన్ అవర్”. “యూనివర్సిటీ” అని వ్రాయండి: మొదట హల్లు, కనుక “ఎ యూనివర్సిటీ”. ఉర్దూలో వ్రాసినను మొదటిదానికి అలిఫ్, రెండవదానికి యే వచ్చును.

“కదా”, “హై నా” అనేవి ఏ వాక్యం చివరనైనా మారవు. అందువలననే మనవారు అన్నిటికీ “ఇజింట్ ఇట్” తగిలిస్తారు. ఆంగ్లంలో ఆ ప్రశ్న వాక్యంలోని కర్తను, క్రియను అనుసరించి మారును: “యు ఆర్ కమింగ్, ఆరింట్ యూ?”

విద్యార్థి మిత్రులారా! దినమునకు ఐదు వాక్యాలు మాతృభాషలో వ్రాసి, ఆంగ్లంలోనికి మార్చి, రెంటిని పక్కపక్కన ఉంచి చూడండి. ఎక్కడ దారులు వేరగుచున్నవో మీకే తెలియును. తోటివాడు తడబడినపుడు నవ్వకండి. సరియైన వాక్యం చెప్పండి. నవ్వు ఒకని నోరు మూయించును. దిద్దుబాటు ఇద్దరికీ విద్య నేర్పును.