మాటకు కావలి

విజయనగరము నుండి సాలూరునకు పోవు బాటలో గజపతినగరము కలదు. ఏటేట ఆశ్వయుజ, కార్తిక మాసములలో బంగాళాఖాతమున పుట్టు వాయుగుండములు ఈ సీమను భయపెట్టుచుండును. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన విశాఖపట్టణము వద్ద తీరము దాటిన హుద్‌హుద్ తుపాను విజయనగరము జిల్లాలోను చెట్లను, కరెంటు స్తంభములను కూల్చివేసెను. అట్టి దినములలోనే దూరమున నున్నవారితో మాటాడవలసిన యవసరము హెచ్చుగా నుండును. స్తంభముల మీది తీగ గాలికి తెగిపోవును. నేలలో పాతిన తీగకు గాలి భయము లేదు. కాని దానికి వేరొక శత్రువు కలదు. అది చెమ్మ.

టెలిఫోను కేబులు అనగా ఒక తీగ కాదు. అందు సన్నని రాగితీగలు జంటలు జంటలుగా నుండును. పెద్ద కేబులులో ఇట్టి జంటలు వందలకొలది యుండును. ఒక్కొక్క జంట ఒక్కొక్క ఫోనునకు చెందును. పూర్వము ప్రతి తీగకును ఎండిన కాగితమును చుట్టి, అన్నిటిని సీసపు తొడుగులో నిమిడ్చెడివారు. ఎండిన కాగితము విద్యుత్తును చక్కగా అడ్డగించును. కాని తడిసినచో ఆ గుణము నశించును. విద్యుత్తు ఒక తీగ నుండి మరియొక తీగకు జారిపోవును. మొదట ఫోనులో గరగర చప్పుడు వినవచ్చును; పిమ్మట పరుల మాటలు వచ్చి కలియును; తుదకు ఫోను మూగబోవును. ఇంతటి చేటునకు తొడుగులో సూదిమొనంత బెజ్జము చాలును.

ఈ చిక్కు క్రొత్తది కాదు. భారతదేశమున తంతివార్తల మార్గమును మొదట వేయించిన ఓషానెస్సీ దొర, 1851 ప్రాంతమున కలకత్తా వైపున ఇనుపకడ్డీలకు కీలు పూసిన గుడ్డను చుట్టించి, పెంకుల వరుసలో నుంచి, కరగిన గుగ్గిలమును ఇసుకను కలిపి పోయించెను. అదియును తడినుండి కాపాడుటకే.

తరువాతి కాలమున మంచి యుపాయములు కనుగొనిరి. అందొకటి గాలి. ఎక్స్ఛేంజిలోని యంత్రము గాలిలోని తేమను తీసివేసి, దానిని ఒత్తిడితో కేబులులోనికి పంపును. తొడుగునకు బెజ్జము పడినచో లోని గాలి వెలికి వచ్చును; ఆ గాలి బయటి నీటిని లోనికి రానీయదు. అంతియ కాదు, ఒత్తిడి తగ్గుటను బట్టి దెబ్బ తగిలిన సంగతి ఫోను చెడకముందే తెలియును. పనివారు అనుమానమున్న చోట త్రవ్వి, సబ్బునీరు పూసి, బుడగలు లేచిన తావును గుర్తింతురు. రెండవ యుపాయము ప్లాస్టిక్ పూత పూసిన తీగల నడుమ సందులను జిడ్డు పదార్థముతో నింపుట. నీరు చొచ్చినను ముందుకు ప్రాకుటకు దానికి దారి దొరకదు.

కేబులు మిక్కిలి బలహీనముగా నుండునది అతుకుల వద్ద. కావున అతుకు వేయువాడు గోతిలోని నీటిని తోడించి, పైని గుడారము వేయించి పని మొదలిడును. కాగితపు కేబులు విషయమున, కొంచెము కాగితమును త్రుంచి కాగిన పారఫిన్ మైనములో ముంచి చూచును. నురుగు లేచినచో లోపల తడి యున్నదన్నమాట. అప్పుడు కాగిన మైనమును తీగలపై పోసి ఆ తడిని వెడలగొట్టును. తన చేతి చెమటయైనను తీగలకు అంటనీయడు. పిమ్మట అతుకుపై తొడుగు వేసి, సందు లేకుండ మూసివేయును.

నేడు పెక్కు తావుల రాగితీగకు బదులుగా సన్నని గాజుపోగులు మాటను మోయుచున్నవి. వానికిని చెమ్మ పొసగదు. వాని కేబులులందును నీటిని ఆపు పదార్థములను నింపుదురు. అతుకు వేయువాని జాగ్రత్త నేటికిని తప్పనిదే. గోయి పూడ్చిన పిమ్మట అతని పని ఎవరి కంటను పడదు. అది చక్కగా జరిగినదో లేదో వానకాలము చెప్పును.