దారి తప్పుటలోని ఆనందము

"దారి తప్పినవాడు" అను మాట తెలుగున నిందావాచకము. కుమారుడు దారి తప్పెనని తల్లి కన్నీరు పెట్టుకొనును. దారికి వచ్చెనని ఊఱట చెందును. సన్మార్గము, దుర్మార్గము, అడ్డదారి, పెడదారి - మంచిచెడ్డలను గూర్చి మనవారు చెప్పుకొను మాటలలో పెక్కు బాటల నుండియే పుట్టినవి. అట్టి మాటను ఆనందమను మాటతో జోడించుట కొందఱు పాఠకులకు వింతగా తోచవచ్చును. ఐనను ఢిల్లీ మహానగరము నుండియు, దానిని చుట్టియున్న గురుగ్రామ్, ఫరీదాబాద్, నోయిడా పట్టణముల నుండియు సెలవుదినములందు తెల్లవారకమునుపే మోటారుసైకిళ్ళపై బయలుదేరు యువకులు కొందఱు ఈ ఆనందమునే కోరి పోవుచున్నారు. ఉద్యోగార్థమై అచ్చట స్థిరపడిన తెలుగు బిడ్డలును వారిలో కలరు. ఇది వట్టి విలాసమా? లేక తెలిసికొనదగిన దేదైనను ఇందున్నదా?

ఆ ప్రాంతపు త్రోవల తీరును ముందు కొంత చెప్పవలయును. ఢిల్లీకి దక్షిణమున ఆరావళీ పర్వతముల తుది కొసలు చిన్న చిన్న గుట్టలుగా వ్యాపించి యున్నవి. గురుగ్రామ్ నుండి దక్షిణముగా పోయినచో సోహ్నా అను ఊరు వచ్చును; అచ్చట కొండ క్రింద గంధకపు వేడినీటి బుగ్గయు, దానిచెంత శివాలయమును కలవు. ఆ సోహ్నా చెంతనుండి దౌసా వఱకు ఢిల్లీ - ముంబయి ఎక్స్‌ప్రెస్‌వే మొదటి భాగము 2023 ఫిబ్రవరి 12న ప్రారంభమైనది. అద్దమువలె నున్న ఆ మహామార్గముపై మోటారుసైకిళ్ళకు ప్రవేశము లేదు. వేగమునకై నిర్మింపబడిన త్రోవ తమకు మూతపడినందున ఈ చిన్నబండ్లవారు ప్రక్కనున్న పల్లెబాటలనే పట్టవలసి వచ్చుచున్నది. నిషేధమే ఇచట ఉపకారమైనది.

ఈ పల్లెబాటలు మన కోస్తా జిల్లాల పుంతలకును, డొంకలకును చుట్టములే. ఒక ట్రాక్టరు ఎదురైనచో బండి నేలమీదికి దిగవలసినదే. చలికాలమున ఇరుప్రక్కల ఆవచేలు పసుపు పూతతో నిండియుండును. వానకాలమున సజ్జచేలు మనిషెత్తున లేచి దిక్కు తెలియనీయవు. పిడకల గూళ్ళు, ఇటుక బట్టీల పొగగొట్టములు, రోడ్డు నడుమ తీరికగా నిలిచిన గేదెలు. ఒక్కొక్కచోట బాట రెండుగా చీలును. అచట పలక యుండదు, ఉన్నను రంగు వెలసి యుండును.

అట్టి చీలికకడ ఒక యువకుడు నిలిచెనని ఊహించుకొనవచ్చును. వాని బండి, 1955లో మద్రాసున తయారీ మొదలైన ఆ బుల్లెట్టు జాతికి చెందినదే ననుకొందురు గాక. చేతి ఫోనులోని పటము అంతవఱకు వానిని మలుపు మలుపునకు నడిపించినది. ఇప్పుడు సిగ్నలు పోయినది. ఎడమకు తిరిగినాడు. రెండు మైళ్ళు పోయిన పిమ్మట బాట ఒక పొలముగట్టున అంతమైనది. యంత్రము నాపగానే నిశ్శబ్దము. మొదట కలుగునది ఆనందము కాదు, భయమే. పెట్రోలెంత యున్నది? ప్రొద్దెంత యున్నది? ఆ వెనుక, కొన్ని నిమిషముల తరువాత, మఱియొక స్థితి ఏర్పడును. ఎండ ఏ వైపున బడుచున్నదో వాడు చూచును. దూరమున గుడి శిఖరమా, నీళ్ళ ట్యాంకా అని పరికించును. ఏ ఇంటి నుండియో వచ్చు పొయ్యి పొగ వాసన వానికి తెలియును. ఇరువది మైళ్ళుగా వాడు ఆ సీమలోనే పోవుచుండెను గాని, దానిని చూచుట మాత్రము ఇప్పుడే మొదలైనది.

దీనికి శరీరశాస్త్రమున ఒక ఆధారము కలదు. మెదడులో హిప్పోకాంపస్ అను భాగమున, ప్రాణి ఒక్కొక్క చోట నున్నప్పుడు ఒక్కొక్కటి మేల్కొను కణము లున్నవని 1971లో జాన్ ఓకీఫ్ కనుగొనెను. ఆ పరిశోధనకు 2014లో నోబెల్ బహుమానము లభించినది. 2017లో లండను యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు ఇరువదినలుగురి చేత సోహో వీథులను చిత్రముగా చూపి త్రోవ వెదకించిరి. స్వయముగా దారి యోచించువారి మెదడులో, క్రొత్త వీథి వచ్చినప్పుడెల్ల, ఆ భాగము చుఱుకుగా పనిచేసెను. యంత్రము చెప్పిన మలుపులనే తిరుగువారిలో అట్టి అదనపు చలనము కానరాలేదు. గమ్యమునకు ఇరువురును చేరిరి. వచ్చిన త్రోవ ఎఱిగినవాడు ఎవ్వడన్నదే తేడా.

పాశ్చాత్యులలో ఈ విషయమును ప్రసిద్ధము చేసినవాడు రాబర్ట్ పిర్సిగ్. ఇతడు యౌవనమున కొంతకాలము కాశీ హిందూ విశ్వవిద్యాలయమున తత్త్వశాస్త్రము చదివినవాడు. 1968లో తన కుమారుని వెనుక కూర్చుండబెట్టుకొని మోటారుసైకిలుపై అమెరికా పశ్చిమతీరము వఱకు చేసిన ప్రయాణము ఆధారముగా 1974లో ఒక గ్రంథము ప్రకటించెను. పెద్ద రహదారులను వదలి, ఊరివారికి మాత్రమే తెలిసిన బాటలను ఎన్నుకొనుటయే వారి నియమము. దానిని 121 మంది ప్రచురణకర్తలు తిరస్కరించిరట! రహదారి పట్టిన పుస్తకము కాదు కాబోలు.

గట్టుకడ నిలిచిన యువకుని యొద్దకు మరల పోవలయును. వాడు చేయగలిగిన పని యొక్కటే: అడుగుట. చదువుకున్నవానికి ఇది తేలిక కాదు. తనకు తెలియదని తెలియని మనుష్యుని యెదుట ఒప్పుకొనవలయును, అదియు తడబడు హిందీలో. హర్యానా పల్లెలలో పెద్దవానిని "తాఊ" అని పిలుతురు; పెదతండ్రి యని అర్థము. వేపచెట్టు క్రింద నులకమంచముపై హుక్కా పీల్చుచున్న ఒక తాఊను సమీపించి, బండి దిగి, శిరస్త్రాణము తీసి, "రామ్ రామ్" అని పలుకరింపవలయును. బండి మీద నుండియే కేక వేసినవానికి చేయూపుడు తప్ప వేఱు సమాధానము రాదు. నోరు మంచిదైతే ఊరు మంచిదని మన పెద్దలు ఊరకే అనలేదు. వృద్ధుడు వెంటనే దారి చెప్పడు. ముందు నీళ్ళు త్రాగుమనును. పిమ్మట చేయి చాచి "నాక్ కీ సీధ్ మే" అనును. ముక్కుకు సూటిగా! వేయి మైళ్ళ దూరమున, వేఱొక భాషలో, తన తాత పలికిన మాటయే వినవచ్చినప్పుడు తెలుగువానికి గలుగు సంతోషమును వర్ణింప బనిలేదు. ముక్కుకు సూటియైన త్రోవ సామాన్యముగా మూడు వంకలు తిరిగియే పోవును; అది ఇక్కడను, అక్కడను ఒక్కటే.

ఈ అడుగుటను గూర్చి అతిప్రాచీనమైన కథ యొకటి ఛాందోగ్యోపనిషత్తు ఆఱవ అధ్యాయమున కలదు. ఉద్దాలక ఆరుణి తన కుమారుడగు శ్వేతకేతువునకు దానిని చెప్పును. ఒకనిని కన్నులకు గంత గట్టి గాంధార దేశము నుండి కొనివచ్చి నిర్జన ప్రదేశమున విడిచిరి. వాడు నలుదిక్కులకు తిరిగి మొఱవెట్టెను. ఒకడు గంత విప్పి, గాంధార మీ దిక్కున నున్నది, ఇటు పొమ్మని చెప్పెను. వివేకవంతుడైన ఆ మనుష్యుడు ఊరూరు అడుగుచు స్వదేశము చేరెను. ఆచార్యుని పొందినవాడును ఇట్లే ఎఱుగునని తండ్రి బోధ. ఆరుణి కురుపాంచాల దేశీయుడని శతపథ బ్రాహ్మణము చెప్పుచున్నది. నేటి ఢిల్లీ, హర్యానాలు ఆ కురుభూమి లోనివే. ఈ కథను మొదట విన్నవారు నడచిన నేల ఇదియే కావచ్చునని తలచుట తప్పు కాదు. గుర్గావ్ అను పట్టణమునకు 2016లో గురుగ్రామ్ అని పేరు మార్చిరి. గురువు, గ్రామము - కథలోని రెండును ఆ పేరున నున్నవి!

ఈ కథలో సామాన్యముగా గమనింపబడని విశేష మొకటి యున్నది. గంత విప్పినవాడు వెంట రాలేదు. చేయి పట్టుకొని నడిపింపలేదు. దిక్కు చూపి తన పని చూచుకొనెను. తక్కిన దూరమంతయు ఆ మనుష్యుడు తానే నడవవలసి వచ్చెను, ప్రతి యూరిలో తానే అడుగవలసి వచ్చెను, విన్న సమాధానములలో సరియైనది ఏదో తానే నిర్ణయింపవలసి వచ్చెను. కావుననే వాడు వివేకవంతుడని ఉపనిషత్తు విశేషించి చెప్పుచున్నది. శంకర భగవత్పాదులు తమ భాష్యమున ఆ గంతను మోహముగా వ్యాఖ్యానించిరి. తెరమీద నీలిగీతను తప్ప దేనిని చూడక పోవువాని కన్నులు తెఱచియే యున్నవి. గంత లేదనుటకు మాత్రము నోరు రాదు.

ఐతే ఇచట ఒక ఆక్షేపణ కలదు, దానిని దాటవేయరాదు. గాంధారుడు ఆనందముతో దారి తప్పలేదు, ఏడ్చెను. 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌను మొదలైనప్పుడు, ఈ ఢిల్లీ పరిసరముల నుండియే వేలకొలది కూలీలు పిల్లలను భుజములపై నెత్తుకొని ఉత్తరప్రదేశ్, బీహారుల లోని స్వగ్రామములకు కాలినడకన బయలుదేరిరి. వారికి త్రోవ తెలియును. పోవుటకు సాధనమే లేదు. వారి యెదుట త్రోవ తప్పుటలోని ఆనందమును గూర్చి ప్రసంగించుట క్రూరము. సాయంకాలమునకు ఇల్లు చేరుదునను నమ్మకము, జేబులో రూకలు గలవానికే ఈ ఆనందము దక్కును. అది అరువు తెచ్చుకొన్న అజ్ఞానము. గడువు తీరగనే తిరిగి యిచ్చివేయవచ్చును. ఈ భేదము నెఱుగని విహారి ఆనందము విలాసమే. ఎఱిగినవాడు, ఒక పూట దిక్కు తెలియక నిలిచినవాడు, రేపు తన వీథిలో చీటీ చేత పట్టుకొని చిరునామా అడుగు కూలివానికి చేయి ఊపి ఊరకుండలేడు. ఈ విహారమునకు ఏదైన ఫల మున్నచో అది ఇచ్చటనే తేలును.

సాహసమును ఆనందముగా పొరబడుటయు కలదు. ఆరావళులలో ఏండ్ల తరబడి రాయి తీసిన గోతులు నీటితో నిండి చెఱువులవలె కనబడును. గుర్గావ్, ఫరీదాబాద్ జిల్లాలలో త్రవ్వకములను సుప్రీంకోర్టు 2009లో నిలిపివేసినను గోతులు పూడలేదు. ఎఱుగని బాట చీకటిలో వాని అంచునకే చేర్పవచ్చును. పుష్య మాఘములలో మంచు కమ్మిన వేళ నాలుగు బారల దూరము కానరాదు. వెలుతురుండగనే మరలుట, శిరస్త్రాణము విడువకుండుట, వేగము తగ్గించుట - ఇవి ఆనందమునకు వెలుపలివి కావు. త్రోవ తెలియనివానికి వేగమెందులకు?

ఫరీదాబాద్ జిల్లాలో మాంగర్ అను గ్రామము కలదు. దాని చెంత "బనీ" యను పవిత్రవన మున్నది. గుదడియా దాస్ బాబా అను సాధువు కాపాడుచుండునని నమ్మి చుట్టుప్రక్కల పల్లెవారు తరతరములుగా అందు కొమ్మ విఱువరు. మహానగరమునకు ఇంత చేరువను ధౌ వృక్షములు అంత దట్టముగా నిలిచినవన్న అది ఆ నమ్మకము చలువయే. దారి తప్పి అచటికి వచ్చిన బండివారు యంత్రము నాపి, కాలినడకన గట్టుకు పోయి, క్రింద పచ్చని లోయను చూచి మరలుట మంచిది. ఆ చప్పుడు అచటికి తగదు.

నులకమంచపు తాఊ కడకు వచ్చినయెడల, త్రోవ చెప్పుటతో వాని పని ముగియదు. నీళ్ళు త్రాగినవానిని ఏ ఊరని అడుగక విడువడు. తెలుగుదేశమని చెప్పిన, అచటికి ఎట్లు పోవుదురని అడుగును. ఇంతవఱకు దారి అడిగినవాడు ఇప్పుడు చెప్పవలసి వచ్చును. నిజాముద్దీన్‌లో రైలెక్కి ఒక పగలు, ఒక రాత్రి పైగా ప్రయాణము చేసి విజయవాడలో దిగవలయును. కృష్ణ దాటి బస్సులో పోవలయును. చెఱువుగట్టుకడ దిగి, రావిచెట్టు ప్రక్కగా నడువవలయును. వృద్ధుడు హుక్కా ప్రక్కన బెట్టి, ఒక్కొక్క ఊరిని మనసున దాటుచున్నట్లు తల యూచుచు వినును.

"రావిచెట్టు నుండి నాక్ కీ సీధేనా?"

"కాదు తాఊ, అక్కడొక మలుపున్నది."